లోకల్ రేడియోలో లోకల్ గొంతు ఎంతకాలం? ఓరుగల్లు ఆర్జేల కెరీర్ వెనుక ఉన్న లెక్కలు

క్లుప్తంగా: కొత్త ఎఫ్‌ఎం ఛానళ్లు వచ్చినంత మాత్రాన ఉత్తర తెలంగాణ పట్టణాల్లో ఆర్జే (రేడియో జాకీ) ఉద్యోగాలు అదే లెక్కన పెరగవు. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్లకు, అంటే రెగ్యులర్ ఉద్యోగం లేకుండా డ్యూటీల లెక్కన పనిచేసేవాళ్లకు, నెలకు ఆరు డ్యూటీల పరిమితి ఉంది. ప్రైవేటు రంగంలో ఒకే స్టూడియో నుంచి పది ఊళ్లకు ప్రసారం చేసుకునే వెసులుబాటు ఉంది. చిన్న నగరాల్లో ఎంతమంది వింటున్నారో తేల్చే ఏర్పాటు లేదు. స్థానిక గొంతు ఎంతకాలం నిలుస్తుందో ఈ మూడే ఎక్కువగా నిర్ణయిస్తున్నాయి.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలోని 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం ఛానళ్లను వేలం వేయడానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, మంచిర్యాల, రామగుండం ఉన్నాయి. ఇప్పటిదాకా ప్రైవేటు ఎఫ్‌ఎం అంటే హైదరాబాద్‌లోనో, మహా అయితే వరంగల్‌లోనో వినపడేదని అనుకునే ఊళ్లివి. అందుకే ఈ వార్త ఇక్కడి డిగ్రీ కాలేజీల్లో ఒక ఆశ రేపింది. ఒక్కో పట్టణానికి మూడు ఛానళ్లు వస్తే, ఛానల్‌కు అరడజను మంది చొప్పున ఆర్జేలు కావాలి కదా అన్నది ఆ ఆశ వెనుక ఉన్న లెక్క.

లెక్క చూడ్డానికి బాగానే ఉంది. రేడియో నడిచే తీరులోకి వెళ్తే మాత్రం నిలవదు. ఛానళ్ల సంఖ్యకూ మైకు ముందు కూర్చునే మనుషుల సంఖ్యకూ ఉన్న ముడి చాలా ఏళ్ల కిందటే వదులైంది.

స్టేషన్ వేరు, ట్రాన్స్‌మిటర్ వేరు

2023 ఏప్రిల్ 28న ప్రధానమంత్రి ఒకేసారి 91 ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లను ప్రారంభించారు. ఒక్కొక్కటి 100 వాట్లది. మొత్తం 18 రాష్ట్రాలు, 2 కేంద్రపాలిత ప్రాంతాల్లో 84 జిల్లాలకు ఎఫ్‌ఎం సిగ్నల్ చేరువైందని ప్రభుత్వం ప్రకటించింది. వినేవారికి ఇది మేలే. అప్పటిదాకా గరగరలాడిన సెట్టులో పాట శుభ్రంగా వినపడుతుంది. కానీ ఇవి రిలే ట్రాన్స్‌మిటర్లు. ఎక్కడో తయారైన కార్యక్రమాన్ని అందుకుని చుట్టుపక్కల ఊళ్లకు పంచడమే వీటి పని. స్టూడియో, మైకు, డ్యూటీ రూము ఉండవు. అనౌన్సర్ అవసరమే రాదు.

ప్రకటనల్లో రెండింటినీ కలిపి 'రేడియో వచ్చింది' అనే అంటారు. ఉద్యోగాల గురించి ఆలోచించేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న: వచ్చేది మాట పుట్టే చోటా, మాటను మోసే స్తంభమా?

ఆకాశవాణి ఇక్కడికి ఎలా వచ్చింది

నిజాం కాలంలో 1935లో హైదరాబాద్ నుంచి దక్కన్ రేడియో మొదలైంది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఓరుగల్లు, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు రేడియో అంటే దూరం నుంచి మీడియం వేవ్ మీద వచ్చే గొంతే. పొలం దగ్గర వేపచెట్టుకు తగిలించిన సెట్టులో హైదరాబాద్ కేంద్రం, వివిధభారతి, రాత్రయితే సిలోన్.

సిలోన్ ప్రస్తావన ఇక్కడ ఊరికే రాలేదు. 1952లో సమాచార మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు దాదాపు తలుపులు మూసేశారు. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. హిందీలో అమీన్ సయానీ, తెలుగులో మీనాక్షి పొన్నుదురై ఇంటింటి పేర్లయ్యారు. 1957లో వివిధభారతి పుట్టడానికి ఈ పోటీయే ప్రధాన కారణం. పాటల మధ్య మాట్లాడే మనిషికి కూడా అభిమానులుంటారన్న సంగతిని ఆకాశవాణి బయటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

స్థానిక కేంద్రాల ఆలోచన ఇంకా తర్వాతది. 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో తొలి లోకల్ రేడియో స్టేషన్ మొదలైంది. రాష్ట్ర రాజధాని నుంచి చెప్పేది అందరికీ సరిపోదు, జిల్లాకు ఒక చిన్న కేంద్రం ఉండాలి, అక్కడి రైతు, అక్కడి కళాకారుడు, అక్కడి భాష గాల్లోకి రావాలి అన్నది దాని ఉద్దేశం. ఆ వరుసలోనే 1980ల రెండో సగం నుంచి 1990ల మొదటి ఏళ్ల మధ్య ఆదిలాబాద్, కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్‌లకు కేంద్రాలు వచ్చాయి. వరంగల్ వాళ్లకు 103.5 అన్న అంకె అప్పటి నుంచి గుర్తు. ఆదిలాబాద్ కేంద్రం గోండీలో కార్యక్రమాలు ప్రసారం చేసింది. తమ ఇంటి మాట రేడియోలో వినడం గోండు గూడేలకు ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ కేంద్రం ఎంత మంచిదైనా ఆ పని రోజువారీగా చేయలేదు.

మైకు ముందు ఒక ఉదయం

స్థానిక అనౌన్సర్ పనిని బయటి నుంచి చూస్తే పాట వేయడం, పేర్లు చదవడం అనిపిస్తుంది. ఉదయం డ్యూటీని కాస్త దగ్గరగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

తొలి ప్రసారం తెల్లవారకముందే మొదలవుతుంది కాబట్టి అనౌన్సర్ అంతకు ముందే స్టూడియోలో ఉండాలి. సిగ్నేచర్ ట్యూన్, వందేమాతరం, మంగళవాద్యం, భక్తిగీతాలు. ఎదురుగా క్యూ షీట్. ఏ నిమిషానికి ఏది వెళ్లాలో అందులో రాసి ఉంటుంది. మధ్యలో హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో వార్తలు రిలే చేయాలి. అవతల వార్తలు సరిగ్గా సెకనుకు మొదలవుతాయి, ఇవతల పాట ఇంకా చరణంలో ఉంటుంది. పాటను మధ్యలో తెంపితే శ్రోత నొచ్చుకుంటాడు, తెంపకపోతే వార్తల తొలి వాక్యం పోతుంది. శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట ఫేడర్‌ను మెల్లగా దించుతూ చరణం ముగింపునూ గడియారం ముల్లునూ కలపడం చెయ్యి తిరిగిన అనౌన్సర్ పనితనం. వినేవాడికి అసలేమీ జరిగినట్టు అనిపించకపోతేనే పని బాగా జరిగినట్టు.

రెండోది ఊరి పరిజ్ఞానం. ఈ ప్రాంతంలో ఘన్‌పూర్ అంటే ఏ ఘన్‌పూర్ అని అడగాలి. స్టేషన్ ఘన్‌పూర్ జనగామ వైపు, ములుగు ఘన్‌పూర్ భూపాలపల్లి వైపు. ఘన్‌పూర్‌లో రేపు కరెంటు ఉండదని చదివేస్తే రెండు ఊళ్లలో ఒకదాన్ని తప్పుదారి పట్టించినట్టే. ఎనుమాముల మార్కెట్‌కు సెలవు ఉందా లేదా అన్నది హన్మకొండ చౌరస్తాలో తిరిగేవాడికి పట్టదేమో గానీ, పత్తి బస్తాలు ట్రాక్టర్‌కెత్తించిన పరకాల రైతుకు అదొక పూట కూలి, ఒక ట్రాక్టర్ కిరాయి. మిర్చి సీజన్‌లో ఆ ఒక్క ప్రకటన ముందురోజు సాయంత్రం సరిగ్గా చెప్పిన గొంతు ఆ ఊళ్లకు గుర్తుండిపోతుంది.

శ్రోతల తీరూ తెలియాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి దారం చుడుతూ గంటల తరబడి కూర్చుంటారు. చేతులకూ కళ్లకూ పని ఉంటుంది, చెవులు ఖాళీ. టీవీ చూస్తూ ఆ పని సాగదు, రేడియో వింటూ సాగుతుంది. అదే సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులోకి వెళ్తే ఏ రేడియో వినపడదు. ఏ వేళకు ఎవరి చెవులు ఖాళీగా ఉంటాయో తెలిసినవాడే ఆ వేళకు తగిన మాట మాట్లాడగలడు. ఇది ఏ శిక్షణ కోర్సులోనూ రాదు, ఊళ్లో బతికితే వస్తుంది.

ఆరు రోజుల కొలువు

ఇంత పరిజ్ఞానం అవసరమైన పనికి ఆకాశవాణి ఇచ్చే స్థానం ఏమిటి? రాత పరీక్ష, స్వర పరీక్ష, ఇంటర్వ్యూ దాటి ఎంపికైనవాళ్లు 'వాణి' సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేశాక క్యాజువల్ అనౌన్సర్ల ప్యానెల్‌లోకి వస్తారు. రెగ్యులర్ అనౌన్సర్ల భర్తీ ఏళ్ల తరబడి దాదాపు ఆగిపోవడంతో చాలా స్థానిక కేంద్రాల్లో రోజువారీ ప్రసారం వీళ్ల భుజాల మీదే నడుస్తోంది.

నిబంధన ప్రకారం ఒక్కొక్కరికి నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వరు. ఏడాదికి 72. ఎక్కువ రోజులు పనిచేయిస్తే రెగ్యులర్ ఉద్యోగమన్న హక్కు పుడుతుందన్న భయం ఈ పరిమితి వెనుక ఉన్న తర్కం. తమను క్రమబద్ధీకరించాలంటూ దేశవ్యాప్తంగా క్యాజువల్ అనౌన్సర్లు ట్రిబ్యునళ్లకు, కోర్టులకు వెళ్లిన చరిత్ర కూడా ఉంది. పాలనాపరంగా ఆ జాగ్రత్తకు అర్థం ఉండొచ్చు. దాని ఫలితం మాత్రం కఠినంగానే ఉంటుంది. నెలలో ఆరు రోజులు లక్షల మందికి వినపడే మనిషి, మిగతా ఇరవై నాలుగు రోజులు ప్రైవేటు స్కూల్లో పాఠం చెప్పుకునో, బీమా పాలసీలు కట్టించుకునో, పెళ్లిళ్లకు యాంకరింగ్ చేసుకునో బతకాలి. పదిహేను, ఇరవై ఏళ్లు ఇలాగే గడిపినవాళ్లుంటారు. వాళ్లకు పింఛను ఉండదు, పదోన్నతి ఉండదు. ఉన్నదల్లా 'మీ గొంతు ఎక్కడో విన్నట్టుందే' అన్న గుర్తింపు.

శ్రోతకూ ఇందులో నష్టం ఉంది. ఒకే కార్యక్రమంలో ఈ వారం ఒక గొంతు, వచ్చే వారం ఇంకొకటి. అలవాటు పడేలోగా మారిపోతుంది. రేడియోకు బలం అలవాటే.

ప్రైవేటు ఎఫ్‌ఎం: గంటను కోసి అమ్మే పద్ధతి

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పాక రేడియో మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం సడలింది. 2001 జులైలో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం మొదలైంది. 2005లో ప్రకటించిన రెండో దశ విధానంతో చిన్న నగరాలకూ దారి తెరుచుకుంది. వరంగల్‌లో 93.5 అలా వచ్చిందే.

దీంతో ఆర్జే అన్న కొత్త వృత్తి ఊళ్లోకి వచ్చింది. ఆకాశవాణి అనౌన్సర్ 'చిత్రం, గానం, సాహిత్యం, సంగీతం' అంటూ పాటకు పరిచయం చెప్పి పక్కకు తప్పుకుంటే, ఆర్జే పాటకంటే తననే ముందు పెట్టుకుంటాడు. పాటకూ పాటకూ మధ్య మాట్లాడే నిమిషం, నిమిషంన్నర మాటను 'లింక్' అంటారు. ఆ కాస్త వ్యవధిలో ఒక సంగతి ఎత్తుకోవాలి, నవ్వించాలి, స్టేషన్ పేరు చెప్పాలి, స్పాన్సర్ పేరు దూర్చాలి, పాట ఎత్తుగడ మొదలయ్యేలోపు ముగించాలి. చాలామందికి అది రాదు. వచ్చినవాళ్ల పేరు ఏడాదిలో ఊరంతా మోగుతుంది.

ఆదాయం ప్రకటనల నుంచే. వరంగల్, హన్మకొండ లాంటి చోట ప్రకటనదారులంటే బట్టల షాపులు, బంగారం దుకాణాలు, ప్రైవేటు జూనియర్ కాలేజీలు, కార్పొరేటు ఆసుపత్రులు, రియల్ ఎస్టేట్ వెంచర్లు. వీటికి సీజన్లుంటాయి. బతుకమ్మ, దసరా ముందు వారాలు నిండుగా ఉంటాయి. ఆషాఢం డిస్కౌంట్లు, అక్షయ తృతీయ, జూన్ అడ్మిషన్లు మరికొంత. పండుగ లేని నెలల్లో గంటలో సగం స్పాట్లు, అంటే ప్రకటనలకు కేటాయించిన వ్యవధులు, స్టేషన్ సొంత ప్రచారాలే అవుతాయి. ఖర్చుకు మాత్రం సీజన్ ఉండదు. టవర్ అద్దె, కరెంటు, లైసెన్సు ఫీజు, పాటల రాయల్టీ నెలనెలా కట్టాల్సిందే. రాయల్టీ మీద రేడియో కంపెనీలకూ మ్యూజిక్ కంపెనీలకూ మధ్య ఏళ్ల తరబడి వివాదం నడిచి, 2010లో కాపీరైట్ బోర్డు నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం అని తేల్చింది. 2020 చివర్లో ఆ లెక్క మళ్లీ మారింది. వీటిలో ఏదీ స్థానిక మేనేజర్ చేతిలో ఉండదు. అతని చేతిలో ఉన్న ఖర్చు జీతాలొక్కటే.

నెట్‌వర్కింగ్ అనే మలుపు

స్థానిక ఆర్జేల సంఖ్యను అన్నిటికంటే ఎక్కువగా ప్రభావితం చేసింది ఒక నిబంధన. దాని గురించి శ్రోతల్లో చాలామందికి తెలియదు. రెండో దశలో ఒక కంపెనీ తన ఛానళ్ల మధ్య కార్యక్రమాలు పంచుకోవడానికి పరిమితి ఉండేది. ఒకే ప్రాంతంలోని చిన్న తరగతి పట్టణాలకే ఆ వీలుండేది. 2011 నాటి మూడో దశ విధానం దాన్ని సడలించింది. ఒక కంపెనీ దేశంలోని తన ఛానళ్లన్నిటి మధ్యా కార్యక్రమాలు పంచుకోవచ్చు.

కంపెనీ వైపు నుంచి చూస్తే ఇది సబబే. చిన్న పట్టణంలో ఆదాయం చాలదు, సొంతంగా ఇరవై నాలుగు గంటలు నింపమంటే స్టేషన్ మూతపడొచ్చు. అందువల్ల ఉదయం, సాయంత్రం ఉండే రద్దీ షోలను స్థానికంగా ఉంచి, మధ్యాహ్నం, రాత్రి వేళలను పెద్ద నగరం నుంచి నింపడం మొదలవుతుంది. ఆదాయం ఇంకా తగ్గితే సాయంత్రం షో కూడా పోతుంది.

దీనికి వాయిస్ ట్రాకింగ్ తోడైంది. ఉదాహరణకు గంటకు ఆరు లింకులు, ఒక్కొక్కటి నిమిషంన్నర అనుకుంటే గంటలో ఆర్జే నిజంగా మాట్లాడేది 9 నిమిషాలు. నాలుగు గంటల షోకు 36 నిమిషాలు. ఆ ముప్పై ఆరు నిమిషాలూ ముందే రికార్డు చేసి కంప్యూటర్‌లో పెడితే, పాటలను, ప్రకటనలను, మాటలను సాఫ్ట్‌వేర్ దానంతటదే కలుపుకుంటూ పోతుంది. ఒక్క మనిషి ఒక్క పూటలో మూడు ఊళ్లకు మూడు షోలు చేసి ఇంటికి వెళ్లిపోవచ్చు. వినేవాడికి లైవ్‌లో ఉన్నట్టే ఉంటుంది. గొంతును అనుకరించే కృత్రిమ మేధ వచ్చాక ఆ ముప్పై ఆరు నిమిషాల రికార్డింగ్ కూడా తప్పనిసరి కాకుండా పోతోంది.

కాబట్టి కొత్త పట్టణంలో మూడు ఛానళ్లు వస్తే మూడు ఆరులు పద్దెనిమిది మంది ఆర్జేలు అన్న లెక్క నిలవదు. ఛానల్‌కు ఒకరో ఇద్దరో స్థానిక ఆర్జేలు, మిగతా సమయం నెట్‌వర్క్ అన్నదే ఇప్పటి వ్యాపార తర్కం ప్రకారం ఎక్కువ సాధ్యం.

వాన రాత్రి ఎవరుంటారు?

2023 జులై 26, 27 తేదీల మధ్య ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతటి వాన అంతకు ముందు నమోదు కాలేదు. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది, ఇళ్ల కప్పులెక్కిన మనుషులను హెలికాప్టర్లు, పడవలతో కాపాడారు. వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నాలాలు పొంగి వచ్చాయి.

ఇలాంటి రాత్రి రేడియో ఏం చేయవచ్చన్నది నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంత వార్తలు ప్రసారం చేయకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా ఇవ్వొచ్చు. అయితే వాతావరణం, ట్రాఫిక్, ప్రకృతి విపత్తులు, ఆరోగ్య హెచ్చరికలు, కరెంటు, నీటి సరఫరా సమాచారం, పరీక్ష ఫలితాల వంటివి వార్తల లెక్కలోకి రావు. ఏ వాగు పొంగింది, ఏ రోడ్డు తెగింది, ఏ స్కూల్లో పునరావాస కేంద్రం పెట్టారు అన్నవి చెప్పడానికి ఏ అడ్డంకీ లేదు. సెల్ టవర్లకు కరెంటు పోయినా బ్యాటరీ సెట్టు పనిచేస్తుంది.

అడ్డంకి ఎక్కడంటే, ఆ వేళ స్టూడియోలో మనిషి ఉండాలి. రాత్రి వేళ నెట్‌వర్క్ మీద నడిచే ఛానల్‌లో ముందే రికార్డయిన ప్రేమ పాటల షో దానిపాటికది సాగిపోతుంది. ఎక్కడో రాజధానిలో ఉన్న ఆర్జేకు తాడ్వాయి దారి ఏదో, మోరంచ వాగు ఎటు పారుతుందో తెలిసే వీల్లేదు. స్థానిక రేడియోలో స్థానిక మనిషి ఎందుకుండాలన్న ప్రశ్నకు ఇంతకంటే బలమైన జవాబు అక్కర్లేదు. లాభనష్టాల పట్టికలో దీనికి గడి లేకపోవడమే సమస్య.

ఎవరు వింటున్నారో తెలియని వ్యాపారం

టీవీకి రేటింగులున్నట్టే రేడియోకూ 'రామ్' పేరిట ఒక కొలత ఉండేది. అది ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, కోల్‌కతా నగరాలకే పరిమితమైంది. హైదరాబాద్‌కే దిక్కులేనప్పుడు వరంగల్ మాట చెప్పేదేముంది. వినేవారి లెక్క లేనిచోట ప్రకటనదారుడు తన కళ్లనే నమ్ముతాడు. షాపు ప్రారంభానికి ఆర్జే స్వయంగా వస్తే ఎంతమంది గుమిగూడారు, ఫలానా షో విని వచ్చామని కౌంటర్‌లో ఎంతమంది చెప్పారు అన్నవే అతని కొలతలు.

అందువల్ల చిన్న నగరపు ఆర్జే పని స్టూడియోలో మొదలై రోడ్డు మీద ముగుస్తుంది. ఉదయం షో, మధ్యాహ్నం యాడ్‌లకు గొంతివ్వడం, సాయంత్రం షోరూము ముందు స్టేజీ, రాత్రి ఇన్‌స్టాగ్రామ్ రీల్. జీతం మొదటిదానికి, ఒత్తిడి నాలుగింటికీ. ఫాలోయర్ల సంఖ్య లెక్కకు అందుతుంది కాబట్టి స్టేషన్లు ఇప్పుడు దాన్నే రేటింగ్‌గా చూస్తున్నాయి. గొంతు బాగుండి కెమెరా ముందు బెరుకుపడే మనిషికి ఈ మార్పు పెద్ద దెబ్బ.

యాస తలుపు తీసింది, పూర్తిగా కాదు

ఒకప్పుడు రేడియోలో తెలంగాణ మాట వినాలంటే రైతుల కార్యక్రమమో, కార్మికుల కార్యక్రమమో రావాలి. హైదరాబాద్ కేంద్రంలో చిన్నక్క, ఏకాంబరం పాత్రలు తెచ్చుకున్న ఆదరణ అందరికీ తెలిసిందే. అనౌన్స్‌మెంటు మాత్రం పుస్తక భాషలోనే ఉండేది. ఓరుగల్లు బిడ్డ అయినా మైకు ముందు కూర్చుంటే ఇంటి మాటను బయట విడిచి రావాలి.

ప్రైవేటు ఎఫ్‌ఎంలు, ఆ తర్వాత 2014లో రాష్ట్ర ఏర్పాటు ఈ పరిస్థితిని మార్చాయి. వరంగల్ యాసలో మాట్లాడటం ఆర్జేకు అర్హతైంది. ఇది నిజమైన లాభమే. అయితే నాలుగు 'గట్లనా'లు, రెండు 'మస్తు'లు చల్లి ఎక్కడి నుంచైనా మాట్లాడేయొచ్చన్న ధోరణి కూడా దాంతోపాటే వచ్చింది. వరంగల్ మాట, కరీంనగర్ మాట, ఆదిలాబాద్ మాట ఒకటి కావు. సింగరేణి కాలనీల్లో పలు జిల్లాలవాళ్లు కలిసి బతకడం వల్ల ఏర్పడిన పలుకుబడి ఇంకొకటి. నెట్‌వర్క్ షోలో ఈ తేడాలన్నీ అరిగిపోయి ఒకే 'తెలంగాణ స్టైల్' మిగులుతుంది.

పదేళ్ల తర్వాత

ఇరవై రెండేళ్లకు మైకు పట్టిన ఆర్జే ముప్పై రెండుకు ఎక్కడుంటాడు? ఆకాశవాణిలో రెగ్యులర్ అనౌన్సర్‌గా చేరినవాళ్లు రిటైర్మెంటు దాకా ఒకే మైకు ముందు గడిపారు. అరవై ఏళ్ల గొంతుకూ అక్కడ విలువ ఉండేది, ఆ తరం ముగింపుకొచ్చింది. ప్రైవేటులో వయసు త్వరగా అడ్డొస్తుంది. స్టేషన్ యువతను పట్టుకోవాలనుకుంటుంది, కొత్త గొంతు తక్కువ జీతానికి దొరుకుతుంది. వరంగల్‌లో ఒకే స్టేషన్‌లో ఎదగడానికి మెట్లు రెండే: సీనియర్ ఆర్జే, ప్రోగ్రామింగ్ హెడ్. రెండోది ఊరికి ఒక్కటే.

మిగిలిన దారులన్నీ బయటికే. హైదరాబాద్ స్టేషన్లు, టీవీ యాంకరింగ్, డబ్బింగ్, యూట్యూబ్, ఈవెంట్లు. అంటే స్థానిక స్టేషన్ ఒక శిక్షణ కేంద్రంగా మారింది. గొంతు ఊరికి అలవాటయ్యే సమయానికి ఊరు దాటుతుంది. ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కు తోడవుతుంది. తెల్లవారుజాము షోకు చీకట్లో బయల్దేరాలి, రాత్రి షో ముగిశాక ఇల్లు చేరాలి. వాహనం ఏర్పాటు లేని చోట పెళ్లయ్యాక చాలామంది మానేయాల్సి వస్తుంది. ప్రతిభకు కొరత ఉండి జరిగే నష్టం కాదిది, ఒక కారు ఖర్చు దగ్గర ఆగిపోయే నష్టం.

సంఘం రేడియో చెప్పే సంగతి

ఇదే రాష్ట్రంలో భిన్నమైన ఉదాహరణ ఒకటుంది. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు నడిపే కమ్యూనిటీ రేడియో అది. చిరుధాన్యాలు, విత్తనాలు, పాటలు, పండుగలు అన్నీ ఆ చుట్టుపక్కల ఊళ్ల మాటల్లోనే. అక్కడ గొంతు మారిపోతుందన్న భయం లేదు, మాట్లాడేవాళ్లు ఆ నేల విడిచిపోయేవాళ్లు కాదు కాబట్టి.

అలాగని కమ్యూనిటీ రేడియో ఆర్జే కెరీర్‌కు ప్రత్యామ్నాయమని చెప్పడం సరికాదు. దాని పరిధి పది, పదిహేను కిలోమీటర్లు. ప్రకటనల సమయానికి పరిమితి ఉంది. 2024 మార్గదర్శకాల్లో గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెంచారు. సంస్థ అండ లేకుండా జీతాలివ్వడం కష్టం. అయినా స్థానిక గొంతు నిలవాలంటే మనిషి ఊళ్లో ఉండటానికి కారణం ఉండాలని అది రుజువు చేసింది.

ఇకపై చూడాల్సినవి

వేలం ఫలితాలకంటే లైసెన్సు షరతులు ముఖ్యం. కొత్త పట్టణాలకు వార్షిక ఫీజును జీఎస్టీ మినహా స్థూల ఆదాయంలో 4 శాతంగా నిర్ణయించారు. కంపెనీలకు ఇది ఊరటే. ఆ ఊరటకు బదులుగా రోజుకు కనీసం ఇన్ని గంటలు అదే ఊళ్లోని స్టూడియో నుంచి లైవ్ ప్రసారం ఉండాలన్న షరతు ఉంటే ఆర్జేల సంఖ్య మీద దాని ప్రభావం నేరుగా కనపడుతుంది. అది లేకపోతే రామగుండం, మంచిర్యాల ఛానళ్లలో చాలా గంటలు హైదరాబాద్ నుంచే వస్తాయని అనుకోవాలి.

రెండోది వార్తలు. గంటకు పది నిమిషాలకు మించకుండా ప్రైవేటు ఎఫ్‌ఎంలలో వార్తలు, వర్తమాన వ్యవహారాలను అనుమతించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫార్సు చేసింది. వార్తలు ఊళ్లోనే సేకరించాలి, పెద్ద నగరంలో కూర్చుని మంచిర్యాల మున్సిపాలిటీ సంగతి చెప్పలేరు. స్థానిక ఉద్యోగాల కోణంలో చూస్తే వాయిస్ ట్రాకింగ్‌కు లొంగని పని ఇదొక్కటే. ఫోన్లలో ఎఫ్‌ఎం రిసీవర్ పనిచేసేలా ఉంచాలన్నది కూడా ఆ సిఫార్సుల్లోనే ఉంది. 2016 తర్వాత డేటా చవకై, ఇయర్‌ఫోన్ గుంట లేని ఫోన్లు వచ్చాక ఎఫ్‌ఎం చాలామంది చేతుల్లోంచి జారిపోయింది. ఈ రెండో సిఫార్సు ఆ నష్టాన్ని కొంతైనా పూడ్చగలదు.

ఇక ఆకాశవాణి. వరంగల్, నిజామాబాద్, ఆదిలాబాద్‌లలో స్టూడియోలున్నాయి, రికార్డింగ్ సౌకర్యం ఉంది, శిక్షణ పొందిన ప్యానెల్ ఉంది. ప్రసారాలు యాప్‌లోనూ అందుతుండటంతో దుబాయ్ క్యాంపులో ఉన్న జగిత్యాల కూలీ కూడా సొంత ప్రాంతపు మాట వినే వీలుంది. కొత్తగా కొనాల్సిన యంత్రం ఏదీ లేదు. ఆరు డ్యూటీల పరిమితిని సవరించడం, ఖాళీ అయిన అనౌన్సర్ పోస్టుల్లో కేంద్రానికి ఇద్దరు ముగ్గురినైనా భర్తీ చేయడం ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి తీసుకోగల నిర్ణయాలే. ఎఫ్‌ఎం వేలం ఎప్పుడు పూర్తయినా, ఎవరు గెలిచినా, ఈ పనికి దానితో సంబంధం లేదు.